మరలివచ్చు రక్తము

మానవశరీరమునందలి అవయవములలో హృదయమునకు లభించిన గౌరవము మరి దేనికిని లభింపలేదు. ప్రాణము దానియందే నిలిచియున్నదని లోకము విశ్వసించినది. కవులు ప్రేమకును, కరుణకును, ధైర్యమునకును దానినే స్థానముగా జేసిరి. వైద్యుడు రోగి మణికట్టు పట్టుకొని పరిశీలించునది దాని స్పందనమునే. ఈ గౌరవము అనర్హమైనది కాదు. పిడికిలి ప్రమాణము గల ఆ కండరము నిమిషమునకు సుమారు 72 మారులు ముడుచుకొని, ప్రతిమారును దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తమును బృహద్ధమనిలోనికి నెట్టుచు, నిమిషమునకు 5 లీటర్ల చొప్పున, అనగా శరీరమునందున్న రక్తమంత పరిమాణము నిమిషమున కొకమారు తనగుండ పోవునట్లు, జీవితాంతము విశ్రాంతి యెరుగక పనిచేయుచున్నది. అయితే ఈ 5 లీటర్లను నిర్ణయించునదేది? మనము నిద్రించునపుడు దానిని తగ్గించి, పరుగెత్తునపుడు 20 లీటర్లకు పెంచు అధికారము దేనియందున్నది? హృదయమునందేయని మనము తడవుకొనకుండ బదులు చెప్పుదుము. ఆ సమాధానమున సగమే సత్యము కలదు. హృదయము తనకు చేరిన రక్తమును పంపగలదు గాని చేరనిదానిని పంపజాలదు. దానికి ఎంత చేరవలయునో నిర్ణయించుటలో ప్రధానమైన పాత్ర వహించునవి, సామాన్యముగ ఎవరును తలపని సిరలు.

మోటబావినుండి నీరు తోడు రైతునకు ఇట్టి సంగతి ఏ గ్రంథమును చదువకయే తెలియును. ఎద్దులు ఎంత బలిష్ఠములైనను, బొక్కెన ఎంత పెద్దదైనను, దినమున పొలమునకు పారు నీరు బావిలోని ఊటను మించదు. ఊట తగ్గిననాడు ఎద్దుల నదలించి ప్రయోజనము లేదు. శరీరమునందలి సమస్త భాగములనుండి సిరలద్వారా నిమిషనిమిషమును హృదయమునకు వచ్చి చేరు రక్తపరిమాణమును శరీరధర్మశాస్త్రజ్ఞులు సిరారక్త పునరాగమనమని వ్యవహరింతురు. ఆరోగ్యమున హృదయము చేయు పనిని, అనారోగ్యమున అది తప్పిపోవు విధమును గ్రహింపగోరువారు ముందుగా ఈ పునరాగమనమును గ్రహింపవలెను.

కవాటముల సాక్ష్యము

ప్రాచీనులు సిరల నెరుగకపోలేదు. సుశ్రుతసంహిత నాభిని మూలముగా జేసికొని శరీరమంతట వ్యాపించిన 700 సిరలను లెక్కించి, వానిలో శస్త్రముచే తాకరానివేవో వైద్యునకు హెచ్చరించియున్నది. పాశ్చాత్యదేశములందు క్రీ.శ. 2వ శతాబ్దమునాటి గేలెన్ అను వైద్యుని మతము పదునాలుగు శతాబ్దములకు పైగా చలామణి అయ్యెను. ఆహారరసమునుండి కాలేయమున రక్తము పుట్టుననియు, అది సిరలద్వారా అవయవములకు పారి, వానికి పోషణమై అచ్చటనే వ్యయమైపోవుననియు ఆ మతము బోధించినది. దాని ప్రకారము సిరలు రక్తమును వెలుపలికి కొనిపోవు మార్గములు. రక్తము మరలివచ్చుట యను భావమునకే అందు చోటు లేదు.

ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణశాస్త్రమును బోధించిన ఫాబ్రిషియస్ 1603లో సిరల కవాటములను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. కాళ్లలోని, చేతులలోని సిరలను నిలువున కోసి విప్పినపుడు లోపలి గోడలనుండి పలుచని పొరలు, తరచుగా జంటలు జంటలుగా, అర్ధచంద్రాకారమున లేచియుండుటను అతడు చూచి, చక్కని చిత్రములతో వర్ణించెను. కాని గేలెన్ మతమునందు పెరిగినవాడగుటచే, రక్తము వడిగా క్రిందికి దిగి కాలుసేతులలో పేరుకొనకుండ ఈ పొరలు దాని వేగమును నిగ్రహించునని మాత్రమే ఊహించెను. పొరలన్నియు హృదయమువైపునకే తెరచుకొనుచున్నవను విషయము అతని చిత్రములలోనే కలదు. దాని భావము మాత్రము అతనికి తోపలేదు.

అది అతనికడ చదివి 1602లో పట్టమందిన ఆంగ్లేయ యువకుడు విలియం హార్వేకు తోచినది. హార్వే వార్ధక్యమున నుండగా, రక్తప్రసరణమను భావము మీకెట్లు స్ఫురించినదని రాబర్ట్ బాయిల్ అను శాస్త్రజ్ఞుడు అతని నడిగెనట; సిరలలోని కవాటములు హృదయమువైపు పోవు రక్తమునకు దారి విడిచి, ఎదురువచ్చు రక్తము నడ్డగించునట్లు అమర్చబడియుండుటయే తన్ను ఆలోచింపజేసినదని అతడు చెప్పినట్లు బాయిల్ వ్రాసియున్నాడు. 1628లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున లాటిన్ భాషలో వెలువడిన హార్వే గ్రంథము చిన్నది. అందు చిత్రములుగా వేయించినవి ఒక మనుష్యుని చేతిసిరలపై చేసిన పరీక్షలు మాత్రమే.

ఆ పరీక్షను పాఠకుడు తన చేతిమీదనే చేసికొనవచ్చును. మోచేతికి పైన ఒక గుడ్డతో మరీ బిగువుగాక కట్టుకట్టిన యెడల, ముంజేతి సిరలు ఉబ్బి, వానియందు అక్కడక్కడ కణుపులవంటి ముడులు కనబడును, అవియే కవాటములు. ఒక ముడికి దిగువగా సిరపై ఒక వ్రేలు నొక్కిపట్టి, రెండవ వ్రేలితో అందలి రక్తమును ఆ ముడికి పైగా పోవునట్లు తుడిచినచో, నడిమి భాగము ఖాళీయై, చర్మమునకు సమమై నిలుచును. పైనున్న రక్తము కవాటమును దాటి క్రిందికి దిగదు. క్రిందివ్రేలు తీయగనే ఆ భాగము దిగువనుండి తటాలున నిండును. ఇంత స్వల్పమైన పరీక్షవలన సిరలలో రక్తము ఏ దిక్కునకు పారుచున్నదో నిస్సందేహముగ తేలినది.

కవాటములు చూపిన దిక్కునకు హార్వే లెక్కను జోడించెను. ప్రతి స్పందనమునను హృదయము విడుచు రక్తము ఎంత స్వల్పమని భావించినను, అరగంటలోని స్పందనములచే దానిని గుణించినపుడు వచ్చు మొత్తము శరీరమునందున్న రక్తమంతటిని మించిపోవుచున్నది. అంత రక్తమును గంటగంటకు ఆహారమునుండి సృజించుట ఏ కాలేయమునకును సాధ్యముగాదు. కావున పోయిన రక్తమే మరలివచ్చుచున్నదని ఒప్పుకొనుట తప్ప గత్యంతరము లేదు. ధమనుల చివరలను సిరల మొదళ్లను కలుపు సూక్ష్మమార్గములను హార్వే చూడజాలలేదు. అతడు గతించిన నాలుగేండ్లకు, 1661లో, మాల్పీగీ అను శాస్త్రజ్ఞుడు కప్ప ఊపిరితిత్తులలో కేశనాళికలను సూక్ష్మదర్శినితో చూచి ఆ లోపమును పూరించెను.

పలుచని గోడలు

ధమనికిని సిరకును గల భేదము చేతితో తాకి చూచినను తెలియును. ధమని గోడ దళసరియై, కండరముతోను సాగుడుతంతువులతోను బలిసి, రక్తము లేనపుడును గుండ్రముగనే నిలుచును. సిర గోడ పలుచన. లోపల రక్తము తగ్గినచో అది అణగిపోవును, పెరిగినచో సులభముగ వెడల్పగును. ఒకే పరిమాణము గల ఒత్తిడి పెంపునకు సిరామండలము తనలోనికి తీసికొను రక్తము ధమనీమండలము తీసికొనుదానికి సుమారు 24 రెట్లుండును. కావుననే రక్తములో అధికభాగము సిరలయందు నివసించుచున్నది. మనయందలి 5 లీటర్లలో, దేహమునకు పోషణ నొసగు ధమనులయందుండునది ఏ సమయముననైనను 100కి సుమారు 13 పాళ్లు మాత్రమే. ఆమ్లజనిని కణముల కందిచ్చు కేశనాళికలలో సుమారు 7 పాళ్లు. సిరలయందు 60 పాళ్లకు మించి.

ఒత్తిడి విషయమున దీనికి విపర్యయముగ నుండును. ఇంగ్లండు దేశమున మతాచార్యుడుగా నుండిన స్టీఫెన్ హేల్స్ ఒక ఆడుగుర్రపు తొడధమనిలో గొట్టము నమర్చి, అందు రక్తము 8 అడుగుల 3 అంగుళముల ఎత్తు లేచుటను చూచి, 1733లో ప్రకటించెను. సిరలలో అట్టి ఎత్తు ఎక్కడను కనబడదు. మానవుని ధమనులలో సగటున 100 మిల్లీమీటర్ల పాదరసమునకు సరియగు ఒత్తిడి, కేశనాళికలను దాటి చిన్న సిరలను చేరునప్పటికి 10 లేక 15కు పడిపోయి, సిరలు వచ్చి చేరు హృదయపుగదియైన కుడికర్ణికను ప్రవేశించునప్పటికి సున్నకు సమీపమగును. హృదయము ఇచ్చిన ఒత్తిడిలో అధికభాగము సన్నని ధమనులలోనే వ్యయమైపోవుచున్నది. మిగిలిన యీ స్వల్పమైన ఒత్తిడితోనే నిమిషమునకు 5 లీటర్ల రక్తము స్వస్థానమునకు చేరుచున్నదన్నచో, ఆ మార్గము ఎంత విశాలమై, ఎంత అవరోధరహితమై యుండవలెనో ఊహింపవచ్చును.

అయితే సిరలను కేవలము నిశ్చేష్టములైన గొట్టములని భావింపరాదు. వాని గోడలలో కొలదిగ నున్న కండరమునకు సహానుభూత నాడులు వచ్చి చేరుచున్నవి. ఆ నాడులు ప్రేరేపించినపుడు, ముఖ్యముగ కాలేయమునందును ప్రేగులయందును గల సిరలు ముడుచుకొని, తమలో నిలువయున్న రక్తమును హృదయమువైపునకు త్రోయును. రక్తదాన శిబిరమున 350 మిల్లీలీటర్ల రక్తము నిచ్చినవాడు కొంతసేపు విశ్రమించి, పానీయము త్రాగి, తన పనికి తాను నడచిపోగలుగుటకు కారణమిదియే: పోయినంత మేరకు సిరలు తమ వెడల్పును తగ్గించుకొనుటచే, హృదయమునకు చేరు రక్తము దాదాపు మునుపటివలెనే యుండును.

ఏడు మిల్లీమీటర్ల ఒత్తిడి

పునరాగమనమునకు గణితరూపము నొసగినవాడు అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమునకు చెందిన ఆర్థర్ గైటన్. శస్త్రవైద్యుడు కావలెనని శిక్షణ పొందుచుండగా 1946లో పోలియో సోకి, కాలును భుజములును దుర్బలములగుటచే ఆ వృత్తిని విడిచి, శరీరధర్మశాస్త్రమునకు తన జీవితము నంకితము చేసెను. 1956లో మొదట వెలువడిన అతని పాఠ్యగ్రంథమును మన వైద్యకళాశాలలలో తరతరముల విద్యార్థులు చదివియున్నారు.

గైటన్ అడిగిన ప్రశ్న సరళమైనది. హృదయము క్షణకాలము నిలిచిపోయి, ధమనులలోను సిరలలోను రక్తము సర్దుకొని, ఒత్తిడి అంతట సమానమైనచో అది ఎంత యుండును? జంతువులయందు చేసిన పరీక్షలలో అది సుమారు 7 మిల్లీమీటర్ల పాదరసమని తేలినది. ఇది హృదయము పుట్టించిన ఒత్తిడి కాదు. నాళములు తమ సహజమైన వెడల్పునకు మించి కొంచెము సాగునంత రక్తము వానియందుండుటవలన కలుగునది. హృదయము పనిచేయుచున్నపుడు కుడికర్ణికలోని ఒత్తిడి సున్నకు దగ్గరగా నుండును. ఈ ఏడింటికిని సున్నకును నడుమగల భేదమే రక్తమును మరలించు శక్తి. దానిని మార్గమునందలి అవరోధముచే భాగించినపుడు వచ్చునది పునరాగమన పరిమాణము.

ఈ చిన్న సూత్రమునుండి వెలువడు ఫలితములు గంభీరములైనవి. కుడికర్ణికలో ఒత్తిడి పెరిగినకొలది భేదము తగ్గి, రాక తగ్గును. అది ఏడును చేరినచో రాక పూర్తిగా నిలిచిపోవును. అనగా సిరలకు సంబంధించినంతవరకు హృదయము చేయు సేవ, వచ్చిన రక్తమును ఎప్పటికప్పుడు ముందుకు పంపి, కర్ణికలోని ఒత్తిడిని తక్కువగా నుంచుటయే. మరి హృదయము ఇంకను బలముగా పనిచేసి ఆ ఒత్తిడిని సున్నకంటె మిక్కిలి క్రిందికి దించినచో రాక అపరిమితముగ పెరుగునా? పెరుగదు. రొమ్ములోనికి ప్రవేశించుచోట మహాసిరల పలుచని గోడలు అపుడు అణగిపోయి, దారి తానే ఇరుకగును. గైటన్ కుక్కలలో, కర్ణికనుండి రక్తమును అందుకొని ముందుకు పంపు కుడిజఠరికకు బదులుగా యంత్రము నమర్చి చూచినపుడు, యంత్రవేగమును ఒక మేరకు మించి పెంచినను ప్రవాహము పెరుగలేదు. ఆరోగ్యవంతుని హృదయమును మాత్రమే బలపరచి రక్తప్రవాహమును ఎక్కువ చేయగోరుట ఈ కారణముచేతనే నిష్ఫలము. ప్రవాహము పెరుగవలెనన్న రక్తపరిమాణమైన పెరుగవలెను, సిరలైన బిగియవలెను, లేదా అవయవములలోని సన్నధమనులు విప్పారి అవరోధమైన తగ్గవలెను. వ్యాయామమున ఈ చివరి రెండును ఏకకాలమున సంభవించును.

హృదయ నియమము

సిరలు పంపినంత రక్తమును హృదయము స్వీకరింపగలుగుట యెట్లు? ఈ క్షణమున 70 మిల్లీలీటర్లు వచ్చి, మరుక్షణమున 100 వచ్చినచో, ఆ అధికభాగమును పంపుమని దానికి ఆజ్ఞ నిచ్చువారెవరు? జర్మనీదేశీయుడు ఆటో ఫ్రాంక్ 1895లో కప్ప హృదయముపై చేసిన పరీక్షలలో, ముడుచుకొనుటకు పూర్వము ఎక్కువగా నిండిన హృదయము ఎక్కువ బలముతో ముడుచుకొనునని చూపెను. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్, సహచరులతో కలిసి 1914లో ఆ విషయమునే కుక్క హృదయమున స్థాపించెను. హృదయమును ఊపిరితిత్తులను మాత్రము సజీవముగ నిలిపి, తక్కిన దేహమునకు బదులుగ గొట్టములను, ఒక రక్తపాత్రను వారమర్చిరి. నాడుల ఆజ్ఞ లేదు. రసాయన ప్రేరణము లేదు. పాత్రను పైకెత్తగా హృదయములోనికి వచ్చు రక్తము పెరిగెను. హృదయము మొదట ఉబ్బి, కొన్ని స్పందనములలోనే వచ్చినదంతయు పంపివేయుటకు సమర్థమయ్యెను. 1915లో కేంబ్రిడ్జిలో చేసిన ఉపన్యాసమున స్టార్లింగ్ దీనిని హృదయ నియమముగ ప్రతిపాదించెను: కండరతంతువు ముడుచుకొనుటకు పూర్వము ఎంత సాగియుండునో, ముడుచుకొనునపుడు అంత శక్తి వెలువడును.

దీనికి మూలము తంతువుల నిర్మాణమునందే కలదు. కండరములోని రెండువిధములైన సూక్ష్మతంతువులు ఒకదానిపై నొకటి జారుటచే సంకోచము కలుగుచున్నది. తంతువు తగినంత సాగినపుడు ఆ రెండింటి కూడిక అనుకూలమగుటయేగాక, సంకోచమును ప్రేరేపించు కాల్షియమునకు అవి మరింత తీవ్రముగ స్పందించును. కావున అధికముగ వచ్చిన రక్తము తన్ను పంపుటకు కావలసిన బలమును తానే హృదయమునందు పుట్టించుచున్నది.

ఈ నియమము లేనిచో మనము ఒక గంటయైన జీవింపజాలము. హృదయమునకు కుడియెడమ భాగములు రెండు కలవు. కుడిది ఊపిరితిత్తులకును, ఎడమది దేహమునకును పంపును. కుడిజఠరిక ప్రతి స్పందనమునను ఎడమదానికంటె ఒక్క మిల్లీలీటరు మాత్రమే ఎక్కువ పంపుచున్నదనుకొందము. నిమిషమునకు 72 మిల్లీలీటర్లు, పది నిమిషములకు 720 మిల్లీలీటర్లు ఊపిరితిత్తులలో పేరుకొని, మనుష్యుడు తన రక్తమునందే మునిగి ఊపిరాడక పోవును. ఇట్లు జరుగకపోవుటకు కారణము, ఊపిరితిత్తులనుండి ఆ ఒక్క మిల్లీలీటరు అధికముగ వచ్చినపుడు ఎడమజఠరిక మరికొంచెము సాగి, మరికొంచెము బలముగ ముడుచుకొని, దానిని వెంటనే పంపివేయుటయే.

కర్ణికలు కూడ వచ్చిన రక్తమును కనిపెట్టియుండును. సిరలలోనికి ద్రవమును వేగముగ ఎక్కించినపుడు హృదయస్పందనము త్వరితమగునని 1915లో బెయిన్‌బ్రిడ్జ్ చూపెను. కెనడాలో డి బోల్డ్ మొదలగువారు 1981లో కనుగొన్నది మరింత ఆశ్చర్యకరము: కర్ణికల కండరము ఒక స్రావమును నిర్మించుచున్నది, పునరాగమనము మితిమీరి కర్ణికలు సాగినపుడు అది రక్తములో కలిసి మూత్రపిండములను చేరి, ఉప్పును నీటిని విసర్జింపజేయును. ఇట్లు హృదయము తనకు రాదగిన రక్తమును తానును కొంత సవరించుకొనుచున్నది.

భూమ్యాకర్షణకు ఎదురుగా

పరుండినవానికి పునరాగమనము సులభము. లేచి నిలుచుటతోడనే హృదయమునకు నాలుగడుగుల దిగువనున్న పాదములసిరలపై అంతయెత్తు రక్తస్తంభము బరువు పడి, కదలక నిలిచియున్నచో అచ్చటి ఒత్తిడి 90 మిల్లీమీటర్లకు చేరును. సులభముగ సాగు స్వభావము గల సిరలు ఈ ఒత్తిడికి వెడల్పై, అరలీటరుకు పైగా రక్తమును క్రిందిభాగమున నిలుపుకొనును. హృదయమునకు చేరవలసిన రక్తము అంతమేరకు తగ్గును. మెడలోని ధమనులయందుండు ఒత్తిడి గ్రాహకములు ఈ సంగతిని మెదడునకు తెలుపగా, సహానుభూత నాడులు క్షణములలో స్పందనమును త్వరపరచి, ఉదరసిరలను బిగించును. మనము దినమున కెన్నియో మారులు లేచి నిలుచుచు, ఈ మహత్తరమైన సర్దుబాటును గుర్తింపనైన గుర్తింపము.

నాడులకు తోడుగ కండరములు పనిచేయును. పిక్కలలోని లోతుసిరలు దళసరియైన కండరముల నడుమ నున్నవి. అడుగు వేయునపుడు ఆ కండరములు ముడుచుకొని సిరలను పిండును. కవాటములుండుటచే పిండబడిన రక్తము పైకే పోవలెను. కండరము వదులైనపుడు దిగువనుండి క్రొత్తరక్తము వచ్చి నిండును. నడచుచున్నవాని పాదసిరలలో ఒత్తిడి 90 నుండి 25 మిల్లీమీటర్లకు లోపుగ దిగిపోవుట ఈ పిక్కల సేవవలననే. ఉచ్ఛ్వాసము మరియొక సహాయము. ఊపిరి పీల్చునపుడు రొమ్ములో ఒత్తిడి తగ్గును, ఉదరవితానము క్రిందికి దిగి కడుపులో ఒత్తిడి పెరుగును. రెంటినడుమను అధోమహాసిరలోని రక్తము రొమ్ములోనికి లాగబడును. ఊపిరి బిగబట్టి ముక్కినపుడు దీనికి విరుద్ధముగ రొమ్ములో ఒత్తిడి పెరిగి రాక తగ్గును; హృద్రోగులైన వృద్ధులు మలవిసర్జన సమయమున ముక్కరాదని వైద్యులు చెప్పుటకు ఇది యొక కారణము.

ఎండలో కవాతునకు నిలిచిన భటుడును, పాఠశాల ప్రార్థనలో కదలక నిలిచిన బాలికయు కుప్పకూలుట మనము చూచుచుందుము. వేడికి చర్మమునందలి నాళములు విప్పారినవి. పిక్కలు కదలుట లేదు. రక్తము కాళ్లలో నిలిచినది. హృదయమునకు రాక తగ్గి, మెదడునకు పోక తగ్గినది. నేలపై పడుటతోడనే హృదయము, మెదడు, పాదములు సమతలమునకు వచ్చి, పునరాగమనము తిరిగి చక్కబడును. కాని చుట్టుమూగినవారు ఆత్రముతో ఆమెను లేవనెత్తి, కుర్చీలో కూర్చుండబెట్టి, ముఖముపై నీళ్లు చల్లుదురు. లేవనెత్తుట ఆమెకు కావలసిన రక్తమును మరల కాళ్లలోనికి పంపుటయే యగును. వెల్లకిల పరుండబెట్టి, కాళ్లను ఒక మూరెడెత్తు లేపి, గాలి ఆడనిచ్చుట సరియైన ఉపచారము. అయితే నిండుచూలాలి విషయమున ఒక భేదము కలదు: ఆమె వెల్లకిల పరుండినపుడు గర్భాశయపు బరువు అధోమహాసిరపై పడి రాకను అడ్డగింపవచ్చును. ఎడమప్రక్కకు ఒత్తిగిలి పరుండుమని ప్రసూతివైద్యులు చెప్పునది ఇందులకే.

దీర్ఘకాలము నిలిచియే పనిచేయువారిలో పలువురకు సిరలు సాగి, కవాటపు పొరలు ఒకదానినొకటి అందుకొనజాలక, కాళ్లపై నీలముగ మెలికలు తిరిగిన ఉబ్బుసిరలు ఏర్పడును. కదలక కూర్చుండుటవలన కలుగు ప్రమాదము ఇంతకంటె తీవ్రమైనది. 1940లో లండన్‌పై బాంబులు కురియుచుండగా, భూగృహములలో కుర్చీలపైననే రాత్రులు గడపినవారిలో కొందరు అకస్మాత్తుగ మరణించుటను కీత్ సింప్సన్ అను వైద్యుడు గమనించి ప్రకటించెను. కుర్చీ అంచు ఒత్తిడిచే కాలిసిరలలో నిలిచిన రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ కదలి, హృదయముగుండ ఊపిరితిత్తుల ధమనిని మూసివేసినది. హైదరాబాదునుండి అమెరికాకు పోయి వచ్చు మన తల్లిదండ్రులు విమానములో గంటకొకమారైన లేచి నడువవలెనని, కూర్చున్నచోటనే పాదములను పైకి క్రిందికి ఆడింపవలెనని చెప్పుట ఛాందసము కాదు. అది పిక్కలచే పని చేయించుట.

రాక తగ్గుట, దారి నిలుచుట

సిరలన్నియు తుదకు ఒకేచోటికి చేరునన్న సత్యమును తన దేహముపైననే పరీక్షించినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో బెర్లిన్ సమీపమునందలి ఎబర్స్‌వాల్డె పట్టణపు వైద్యశాలలో యువవైద్యుడుగ నుండి, మోచేతి మడతలోని సిరద్వారా ఒక సన్నని గొట్టమును 65 సెంటీమీటర్ల మేర లోనికి పోనిచ్చి, దానితోనే నడచి ఎక్స్‌రే గదికి పోయి, గొట్టపు కొన కుడిహృదయమునకు చేరుటను చిత్రముగా తీయించెను. దానిని అభివృద్ధిపరచి హృదయకోష్ఠములలోని ఒత్తిడులను కొలిచిన కూర్నాండ్, రిచర్డ్స్ అను వైద్యులతోపాటు అతనికి 1956లో నోబెల్ బహుమానము లభించెను. కుడికర్ణికలోని ఒత్తిడి అంతవరకు ఊహామాత్రము. ఇపుడు అది రోగి మంచముకడ కొలువదగిన సంఖ్య.

పునరాగమనము రెండువిధములుగ చెడును. మొదటిది రాక తగ్గుట. కలరా సోకినవాని దేహమునుండి గంటలలో లీటర్లకొలది నీరు వెడలిపోవును. హృదయము దృఢముగనే యుండును, కాని దానికి వచ్చునది లేదు. నాడి అందదు, చేతులు చల్లబడును, కన్నులు లోనికి పోవును. 1831–32 సంవత్సరములలో బ్రిటనులో కలరా వ్యాపించినపుడు, తరువాత కలకత్తాకు వచ్చి వైద్యకళాశాలలో బోధించిన ఓషానెస్సీ, అట్టి రోగుల రక్తమున నీరును లవణములును తరిగిపోవుటను కనుగొనెను. అది చదివి స్కాట్లండులోని లీత్ పట్టణపు వైద్యుడు థామస్ లాటా 1832లో, మరణోన్ముఖయైన ఒక వృద్ధురాలి చేతిసిరలోనికి అరగంటలో ఆరు పింట్ల ఉప్పునీటిని ఎక్కించెను. అందని నాడి అందినది, ఆమె తేరుకొన్నది. విరేచనములు మరల ఆరంభమైనను నీటిని మరల ఎక్కింపకపోవుటచే ఆమె కొలదిగంటలలో మరణించెను. పోయినది పోవుచున్నంతవరకు పూరింపబడుచుండవలెనను పాఠము ఆ మరణమువలన తెలిసినది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున దిలీప్ మహలనోబిస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటిద్వారా త్రాగించి అసంఖ్యాకులను రక్షించినది ఈ పాఠమును సూదిలేకయే ఆచరించుటవలననే. మన ఊళ్లలో వర్షాకాలమున వచ్చు డెంగ్యూ జ్వరము తీవ్రమైనపుడును రక్తద్రవము కేశనాళికల గోడలనుండి వెలుపలికి ఊరిపోయి, రాక తగ్గియే రోగి కూలిపోవుచున్నాడు.

రెండవది దారి నిలుచుట. కండరము క్షీణించిన హృదయము వచ్చిన రక్తమును పంపజాలదు. కుడికర్ణికలో ఒత్తిడి పెరుగును. వెనుక సిరలలో రక్తము నిలిచిపోవును. మెడసిర ఉబ్బును, కాలేయము పెరుగును, సాయంకాలమునకు పాదములు వాచి, వ్రేలితో నొక్కినచో గుంట పడును. సర్ థామస్ లూయిస్ 1930లో వివరించిన పద్ధతి ప్రకారము వైద్యుడు యంత్రమేమియు లేకయే, రోగిని ఏటవాలుగ పరుండబెట్టి, మెడసిరలోని రక్తము రొమ్ముటెముక కోణమునకు ఎంత యెత్తున నిలిచినదో చూచి, దానికి 5 సెంటీమీటర్లు కలిపి, కుడికర్ణికలోని ఒత్తిడిని అంచనా వేయగలడు. ఈ రోగియందు విశేషమేమనగా, ప్రవాహము తగ్గుటను గమనించిన మూత్రపిండములు దానిని రక్తపు కొరతయని పొరపడి, ఉప్పును నీటిని నిలువచేసి, సిరలను మరింత నింపును. కొంతవరకు స్టార్లింగ్ నియమముచే ఇది మేలు చేయును. హృదయతంతువులు తమ హద్దువరకు సాగిన పిమ్మట అధికముగ వచ్చిన ప్రతి బిందువును భారమే యగును.

కావుననే ఒకే వైద్యశాలలో ప్రక్కప్రక్క మంచములపై నాడి బలహీనమై పరుండిన ఇద్దరు రోగులకు పరస్పర విరుద్ధములైన చికిత్సలు జరుగుటను మనము చూచుచున్నాము. విరేచనములచే నీరసించినవానికి సిరలోనికి ఉప్పునీటిని త్వరితముగ ఎక్కింతురు. హృదయకండరము సడలి వాపులెక్కినవానికి ఉప్పును వర్జింపజేసి, మూత్రముద్వారా నీటిని వెడలింతురు. మొదటివాని ఔషధము రెండవవానికి ప్రాణాంతకము కావచ్చును. రెండవవానిది మొదటివానికిని అట్లే. ఇద్దరికిని హృదయమునుండి వెడలు రక్తము తక్కువయే. ఒకనికి అది సిరలలో నింపు తక్కువగుటచేతను, మరియొకనికి సిరలు తెచ్చినది స్వీకరింపబడకపోవుటచేతను కలిగినది. ఈ భేదమును మెడసిర చెప్పును: మొదటివానియందది అణగిపోయి యుండును, రెండవవానియందు ఉబ్బి యుండును. నాడి పట్టిచూచు వైద్యుడు మెడసిరను కూడ చూడవలెను; ఇంట కొలదికాలములో వాపులెక్కిన పెద్దవారిని వయసుమీదనో, ఉప్పు హెచ్చుటమీదనో మోపి ఊరకుండక ఆ వైద్యుని కడకు త్వరితముగ కొనిపోవుట మన విధి. హృదయమును రక్షింపగోరువారు దానినుండి వెడలుదానితోపాటు దానికి మరలివచ్చుదానిని గూర్చియు విచారింపవలెను.